డ్యూమా: ఒక యింటిపేరు పుట్టుక

పాండిచ్చేరి చరిత్ర చదివిన విద్యార్థులు డ్యూప్లేకు ముందు, 1735 నుండి 1741 వరకు, అచట గవర్నరుగా నుండిన డ్యూమాను ఎరుగుదురు. ‘త్రీ మస్కటీర్స్’ చదివినవారికి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా మరింత పరిచితుడు. ఇరువురకును చుట్టరికము వెదుకనక్కరలేదు. ఈ యింటిపేరు దక్షిణ ఫ్రాన్సున పలువురకు కలదు. దాని పుట్టిల్లు పొలముల నడుమ నున్నది.

దక్షిణ ఫ్రాన్సు ప్రజల పాతభాష ఆక్సిటన్. ‘ఔను’ అనుటకు ‘ఓక్’ అందురు గనుక ఆ పేరు వచ్చినది. అందు ‘మస్’ అనగా రైతు యిల్లు, గొడ్లసావిడి, గాదెలు, వాని చుట్టునున్న భూమి, అంతయు కలిసిన లోగిలి. లాటిన్ ‘మాన్సుస్’ దీనికి మూలము. ఆ మాట ‘నిలిచియుండుట’ అను ధాతువునుండి పుట్టినది. ఎన్నియో చోట్ల ‘మస్’ అనునదియే స్థలనామమైనది. అచటివాడు ‘దెల్ మస్’, అనగా మస్‌వాడు. అదియే డెల్మాస్ అను యింటిపేరు. దానికి ఫ్రెంచి వేషము వేసినచో డ్యూమా. చివరి సకారము వ్రాతలో నిలిచి నోట జారిపోయినది. డాల్మాస్ అను పేరును గూడ ఈ కోవలో చేర్చువారు కలరు గాని, అది పొరపాటు. అది డాల్మేషియా దేశమునకు సంబంధించిన పురుషనామము.

1539లో రాజు మొదటి ఫ్రాన్సిస్, న్యాయపత్రములన్నియు ఫ్రెంచిలోనే వ్రాయవలెననియు, మతగురువులు జ్ఞానస్నానముల పట్టీలు ఉంచవలెననియు శాసించెను. ఇక రైతు నోట ఏమి పలికినను, లేఖరి కలమునకు తోచిన రూపమే బిడ్డలకు దక్కెను. అన్నిచోట్ల అట్లు జరుగలేదు; డెల్మాస్‌లు నేటికిని కలరు. ఆ శాసనము వెలువడిన ఊరు విల్లేర్-కోత్రే. నవలాకారుడు 1802లో జన్మించినదియు అచటనే!

అయినను పేరు ఆయనకు ఆక్సిటన్ పల్లెనుండి తిన్నగా రాలేదు. ఆయన తండ్రి 1762లో, నేడు హైతీ యనబడు ఫ్రెంచి వలసలో పుట్టెను. తాత దవీ ద లా పాయెత్రీ అను ప్రభువంశీయుడు; నాయనమ్మ మరీ సెసెత్ డ్యూమా నల్లజాతి బానిస. కుమారుడు 1786లో సామాన్య సిపాయిగా సైన్యమున చేరునపుడు తండ్రి వంశనామము విడిచి తల్లి పేరు వ్రాయించుకొనెను. ఆమెకు ఆ పేరెట్లు వచ్చినది? ‘తోటకు చెందినది’ అను గుర్తుగా యజమానులు పెట్టిరని కొందరి ఊహ. ఆ ఊహయే నిజమైనచో, దక్షిణ ఫ్రాన్సున తన లోగిలిని చెప్పుకొన్న మాట సముద్రము దాటి, మనిషిని సొత్తుగా చూపు ముద్ర అయినది.

ఆ సిపాయి 1793లో జనరల్ పదవి నందెను. నవలాకారుని అస్థికలను 2002లో పారిస్ నగరపు పాంథియానునకు చేర్చినపుడు, అచటికి వెళ్లిన పేరు తాతది కాదు, నాయనమ్మది.