మూడు నెలల ప్రధాని

ఓట్లు అడగవలసిన అవసరం లేని పాలకుడు ప్రజలకు చేదు నిజాలు చెప్పగలడా? చెప్పినా, ఆయన గద్దె దిగిన తర్వాత అవి నిలుస్తాయా? 1993లో పాకిస్తాన్‌కు ఆపద్ధర్మ ప్రధానిగా వ్యవహరించిన మొయీన్ ఖురేషీ ఉదంతం ఈ రెండు ప్రశ్నలకూ సమాధానమిస్తుంది.

ఖురేషీ లాహోర్‌లో జన్మించారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆర్థిక శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో పనిచేసి, తదుపరి ప్రపంచ బ్యాంకులో సీనియర్ ఉపాధ్యక్షుని హోదాకు ఎదిగారు. ఆయన ఏ పార్టీలోనూ లేరు. స్వదేశంలో సామాన్యులకు ఆయన పేరే తెలియదు.

అటువంటి వ్యక్తికి ప్రధాని పదవి ఎలా దక్కింది? ఆనాడు అధ్యక్షుడు గులాం ఇషాఖ్ ఖాన్‌కూ, ప్రధాని నవాజ్ షరీఫ్‌కూ తీవ్ర వైరం నడిచింది. 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. అయినా ప్రతిష్టంభన తొలగలేదు. చివరకు సైన్యాధిపతి అబ్దుల్ వహీద్ కాకర్ జోక్యంతో జూలై 18న ఇద్దరూ తప్పుకున్నారు. ఎన్నికలు జరిగేదాకా పాలన చూసేందుకు ఏ పక్షానికీ చెందని మనిషి కావలసి వచ్చింది. ఆ విధంగా ఖురేషీకి పిలుపు వచ్చింది.

ఆయన ఎన్నికల ఏర్పాట్లతో సరిపెట్టుకోలేదు. రూపాయి విలువ తగ్గించారు. పెట్రోలు, విద్యుత్తు, గ్యాసు ధరలు పెంచారు. ఆ భారం పేదల నెత్తిన పడిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయితే ఆయన పెద్దలనూ వదలలేదు. బ్యాంకులకు అప్పులు ఎగవేసినవారి పేర్లు బయటపెట్టారు. ఎవరెంత పన్ను కట్టారో జాబితా ప్రకటించారు. విలాసంగా బతికే నాయకులు కట్టిన పన్ను ఎంత స్వల్పమో జనానికి తెలిసిపోయింది. పెద్ద భూస్వాములపై కూడా పన్ను ప్రతిపాదించారు.

ఎన్నికైన ప్రధాని ఈ పనులు ఎందుకు చేయలేకపోయారు? శాసనసభల్లో కూర్చున్నవారిలో చాలామంది భూస్వాములే. వారి మద్దతు లేకుండా ప్రభుత్వం నిలవదు. ఖురేషీకి ఆ మద్దతుతో పని లేదు. అదే ఆయన బలం. ఆయన బలహీనత కూడా అదే. అప్పటి పాకిస్తాన్ రాజ్యాంగం ప్రకారం ఆర్డినెన్సుకు ఆయుష్షు నాలుగు నెలలే ఉండేది. ఆ తర్వాత దాన్ని చట్టంగా మార్చవలసింది ఆ శాసనసభే. ప్రజల తీర్పు పొందని వ్యక్తి వేసిన మొక్కకు ప్రజాప్రతినిధులే నీరు పోయాలి. వారికి ఇష్టం లేకపోతే అది వాడిపోతుంది.

అక్టోబర్ 6న ఎన్నికలు జరిగాయి. ఏ పార్టీకీ పూర్తి మెజారిటీ రాలేదు. 19న బేనజీర్ భుట్టో ప్రధానిగా ప్రమాణం చేశారు. ఖురేషీ అధికారం అప్పగించి నిష్క్రమించారు. 2016లో ఆయన కన్నుమూశారు.

ఈ నిష్క్రమణ విలువ తెలియాలంటే బంగ్లాదేశ్ వైపు చూడాలి. అక్కడ కూడా ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త ఫఖ్రుద్దీన్ అహ్మద్ 2007 జనవరిలో ఆపద్ధర్మ ప్రభుత్వాధినేత అయ్యారు. సైన్యం అండగా నిలిచింది. 90 రోజుల్లో జరగవలసిన ఎన్నికలు 2008 డిసెంబర్ 29న జరిగాయి. ఆ మధ్యకాలంలో అత్యవసర పరిస్థితి అమలైంది. షేక్ హసీనా, ఖలీదా జియా ఇద్దరూ జైలుపాలయ్యారు. ఫొటోలతో కూడిన కొత్త ఓటర్ల జాబితా తయారైన మాట వాస్తవమే. కానీ కాపలాకు వచ్చినవారు రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయారన్న మాట మిగిలింది.

నిపుణుడు లెక్కలు సరిచేయగలడు, దాచిన పద్దులు బయటపెట్టగలడు. ఆ పద్దులు చదివి ఎవరిని నిలదీయాలో తేల్చుకోవలసింది మాత్రం ఓటరే. ఆ బాధ్యత ఓటరు తీసుకోనంతకాలం, ఎంత మేధావి వచ్చినా మూడు నెలల అతిథిగానే మిగిలిపోతాడు.