కొమ్ము నృత్యం వేదిక మీదేనా? బడిలోకి రాదా?

భద్రాచలం ఏజెన్సీకి మంత్రి వస్తే ముందు స్వాగతం పలికేది కొమ్ము కోయ నృత్యమే. తలకు కొమ్ములు, మెడలో డోలు, పక్కన రేల పాట పాడే ఆడవాళ్లు. ఫొటోలు అయిపోయాక ఆ కళాకారులను పట్టించుకునేవాళ్లు ఉండరు.

పరిశోధన పని మీద దుమ్ముగూడెం మండలంలో తిరుగుతున్నప్పుడు ఒక పిల్లవాడిని చూశాను. పండుగ రోజు పెద్దవాళ్లతో సమానంగా డోలు వాయించాడు. ఆ తర్వాత బడిలో చూస్తే నోరు విప్పలేదు. ఇంట్లో కోయ భాష, బడిలో తెలుగు పాఠం. ‘వీడికి చదువు రాదు’ అనేశారు. వాడికి చదువు రాదా, చదువే వాడి దగ్గరికి రాలేదా?

ఈ ప్రశ్న నన్ను అమెరికన్ ఫిలాసఫీ ప్రొఫెసర్ జాన్ డ్యూయీ (1859-1952) దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మనకు పరాయివాడేం కాదు. 1913-16 మధ్య కొలంబియా యూనివర్సిటీలో చదివిన బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు గురువు. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ ఆ రుణాన్ని స్వయంగా ఒప్పుకున్నారు.

చదువు గురించి డ్యూయీ చెప్పింది సూటిగా ఉంటుంది. పిల్లలు ఖాళీ కుండలు కారు. బతుకులో నేర్చుకున్నదాన్ని వెంట తెచ్చుకుంటారు. బడి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1896లో చికాగోలో ఆయన ప్రారంభించిన ప్రయోగ పాఠశాలలో వంట, కుట్టుపని, వడ్రంగం ద్వారానే లెక్కలు, సైన్సు నేర్పారు.

ఇక్కడ మనం జాగ్రత్తపడాలి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఒంటిపూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అనే పథకం తెచ్చింది. ఇది కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు. 1954లో దాన్ని ఎత్తేశారు. డ్యూయీ కోరింది అది కాదు. తండ్రి పనికి కొడుకును కట్టేసే చదువును ఆయన వ్యతిరేకించారు. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ చేసిన వాదన ఇంకా ముందుకు వెళ్లింది. డోలు నుంచి పాఠం మొదలవ్వాలి, డోలు దగ్గరే ఆగిపోకూడదు.

కళ గురించి ‘ఆర్ట్ యాజ్ ఎక్స్‌పీరియన్స్’ (1934)లో డ్యూయీ మ్యూజియంలను ప్రశ్నించారు. రోజువారీ బతుకులోంచి పుట్టినదాన్ని పెరికి, అద్దాల వెనక పెట్టి, దానికే ‘కళ’ అని పేరు పెట్టడం ఆయనకు నచ్చలేదు. మన దగ్గర సర్కారీ వేదికే ఆ అద్దాల పెట్టె. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల చరిత్రను పాటగా మోశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్నది వినోదం కాదు, ఒక జాతి చరిత్ర. మరి ఆ చరిత్రకు బడిలో చోటెంత?

ఇక వ్యక్తివాదం. 1929 ఆర్థిక పతనం తర్వాత, 1930లో డ్యూయీ ఒక పుస్తకం రాశారు. ఎవరి లాభం వాళ్లు చూసుకోవడమే స్వేచ్ఛ అనే పాత వ్యక్తివాదానికి కాలం చెల్లిందన్నారు. మనిషి ఎదిగేది నలుగురితో కలిసి, సమాన అవకాశాల మధ్యనే. మనం రోజూ వినే ‘మెరిట్’ అనే మాట ఆ పాత వ్యక్తివాదమే. గెలిస్తే వాడి ప్రతిభ, ఓడితే వాడి లోపం. వెనకున్న కులం, భాష, భూమి లెక్కలోకి రావు.

జీవో నంబర్ 3 సంగతే చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000లో ఇచ్చారు. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ ప్రధానంగా తూచింది ఉద్యోగార్థుల మధ్య సమానత్వాన్ని. తన భాష తెలిసిన టీచర్ ఎదురుగా ఉంటే ఆ పిల్లవాడు నోరు విప్పేవాడా అన్నది డ్యూయీ అడిగే ప్రశ్న.

అయితే డ్యూయీకి, బాబాసాహెబ్‌కు ఒక తేడా ఉంది. మనుషులు కలిసి మాట్లాడుకుంటే ప్రజాస్వామ్యం పెరుగుతుందని గురువు నమ్మారు. ఆ కలవడాన్నే కులం అడ్డుకుంటుందని శిష్యుడు అనుభవంతో చెప్పారు. అందుకే మనకు మంచి పాఠ్యపుస్తకం ఒక్కటే చాలదు. హక్కు కావాలి, చట్టం కావాలి, కోయ మాట్లాడే టీచర్ కావాలి.

మంత్రి ముందు ఆడిన కాళ్లకు బడిలో కూడా గౌరవం దొరికిన రోజే అది కళ అవుతుంది, చదువూ అవుతుంది.