ఎచ్చెర్ల నుంచి తిన్నగా

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని బుడగట్లపాలెం ఒడ్డు నుంచి ఒక పడవ తిన్నగా దక్షిణానికే పోతోందనుకుందాం. శ్రీలంక కుడిపక్కన, అండమాన్ ఎడమపక్కన దూరంగా ఉండిపోతాయి. ఆ తర్వాత దీవి లేదు, దిబ్బ లేదు. సుమారు 9,400 కిలోమీటర్లు నీళ్లే. పడవ ఆగేది అంటార్కిటికా మంచు అంచునే.

గుజరాత్‌లో సోమనాథ్ గుడి దగ్గరి బాణస్తంభం మీద ఇలాంటి మాటే రాసి ఉంది: అక్కడి నుంచి దక్షిణ ధ్రువం దాకా నేల అడ్డురాదని. ఆ పక్కనే వేరావల్ రేవు. శ్రీకాకుళం మత్స్యకారులు వేటకు వలసపోయే చోటు. స్తంభం లేకపోయినా ఆ గొప్ప వాళ్ల సొంత ఒడ్డుకూ చెల్లుతుంది. కాకపోతే ధ్రువం అంటార్కిటికా లోపల ఉంది. చివరి 2,600 కిలోమీటర్లు మంచు కప్పిన ఖండమే.

ఉత్తరానికి తిరిగితే, దాదాపు అదే రేఖాంశం మీద, సుమారు 1,150 కిలోమీటర్ల దూరాన నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరం. ఎత్తు 8,091 మీటర్లు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొదట ఎక్కింది దీన్నే, 1950లో.

టిబెట్ కూడా దాటి చైనాలోని షిన్‌జియాంగ్ చేరితే, యూరేషియాలో సముద్రానికి అన్నిటికన్నా దూరమైన చోటు ఆ చుట్టుపక్కలే. ఆ దూరం 2,645 కిలోమీటర్లని చాలాకాలం చెప్పుకున్నారు. 2007లో గార్సియా-కాస్టెల్యానోస్, లొంబార్డో అనే పరిశోధకులు మళ్లీ లెక్కకట్టి సుమారు 2,510కి దించారు. చిత్రమేమిటంటే చోట్లు రెండు తేలాయి. రష్యా ఉత్తరాన ఓబ్ నది కలిసే పొడవాటి అఖాతాన్ని సముద్రంలో కలిపితే ఒకటి, కలపకపోతే ఇంకొకటి. కల్లేపల్లి దగ్గర నాగావళి మొగలో నది ఎక్కడ ఆగింది, సముద్రం ఎక్కడ మొదలైందని అడిగినా ఇదే చిక్కు. ఒడ్డు తేలితే గానీ దూరం తేలదు.

భూగోళం మీద ఎచ్చెర్లకు సరిగ్గా అవతలి వైపున పసిఫిక్ మహాసముద్రం. ఈస్టర్ దీవికీ పెరూకీ నడుమ ఆ చోటు నుంచి దగ్గరి నేలకు 1,300 కిలోమీటర్లు ఉంటుంది. అదేమంత ఒంటరితనం కాదు! ఇంకా నైరుతికి పోతే పాయింట్ నెమో. ఏ నేలకైనా కనీసం 2,688 కిలోమీటర్లు. 1992లో హ్ర్వోయే లుకాటెలా అనే ఇంజినీరు దీన్ని కంప్యూటర్ మీదే పట్టుకున్నాడు. దీని మీదుగా అంతరిక్ష కేంద్రం వెళ్లినప్పుడు అక్కడికి అందరికన్నా దగ్గరున్న మనుషులు వ్యోమగాములే, ఎందుకంటే దాని ఎత్తు 400 కిలోమీటర్లే. పనైపోయిన వ్యోమనౌకలను కూల్చడానికి ఎంచుకునేదీ ఈ దక్షిణ పసిఫిక్ ప్రాంతాన్నే. రష్యా ‘మీర్’ కేంద్రం శకలాలు 2001 మార్చిలో ఈ సముద్రంలోనే పడ్డాయి.