మీకు తెలుసా? జామాయిల్ కాండాన్ని పుండు చేసే శిలీంధ్రం

మనం జామాయిల్ అనే యూకలిప్టస్, లవంగం, నేరేడు ఒకే కుటుంబానివి. అందుకేనేమో, క్రైసోపోర్తే క్యుబెన్సిస్ అనే శిలీంధ్రం లవంగాన్నీ, యూకలిప్టస్‌నూ కూడా పట్టి పీడిస్తుంది. 1917లో క్యూబాలో యూకలిప్టస్‌పై గుర్తించడంతో దానికి క్యుబెన్సిస్ అనే పేరొచ్చింది.

వేడి, తేమ ఉన్నచోట ఈ శిలీంధ్రం చెట్టు మొదలు దగ్గర బెరడు కింద చేరుతుంది. బెరడు పగిలి జిగురు కారుతుంది. పుండు కాండాన్ని చుట్టేస్తే లేత చెట్టు నిలువునా ఎండిపోతుంది. బతికినదీ పెనుగాలికి సరిగ్గా ఆ పుండు దగ్గరే విరుగుతుంది. పెంచిన రైతుకు అది కడుపుకోతే.

ఈ తెగులును ఎదుర్కోవడంలో బ్రెజిల్ చూపిన దారి నిజంగా మెచ్చదగ్గది. 1970ల నుంచి అక్కడ తెగులును తట్టుకున్న చెట్లను ఏరి, యూకలిప్టస్‌లోని గ్రాండిస్, యూరోఫిల్లా జాతుల సంకరాలను కొమ్మ ముక్కలతో క్లోన్లుగా పెంచుతూ వచ్చారు.