గొంతులో వీడని కఫం: కోసిగి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: కఫం, శ్లేష్మం, తెమడ, బిస్సినోసిస్, క్షయ, వలస, కోసిగి.

1. ప్రవేశిక

కర్నూలు జిల్లాలోని కోసిగి, గుంతకల్లు–రాయచూరు రైలుమార్గంలో ఆదోనికి, మంత్రాలయం రోడ్డుకు నడుమ ఉన్న మండల కేంద్రం. వర్షాధారమైన మెట్టసేద్యం చాలక ఇక్కడి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు ప్రాంతానికి వలసపోవడం పరిపాటి. సమీపంలోని ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు ప్రసిద్ధి. మిరపఘాటు, పత్తిధూళి, కట్టెలపొయ్యి పొగ అనే మూడూ గొంతును బాధించేవే. అందువల్ల గొంతులో వీడని కఫాన్ని పనితోపాటు వచ్చేదిగా భావించి ఉపేక్షించే అవకాశం ఎక్కువ. అయితే కఫం రోగం కాదు, లక్షణం. అది ఎక్కడినుంచి వస్తున్నదో గుర్తించడమే ఉపశమనానికి తొలిమెట్టు.

2. కఫానికి మూలాలు

ముక్కు, గొంతు, శ్వాసనాళాల లోపొర నిరంతరం శ్లేష్మాన్ని స్రవిస్తుంది. ధూళి, సూక్ష్మక్రిములు దానికి అంటుకుంటాయి. శైలికలు దానిని గొంతువైపు నెట్టగా, మనిషి తనకు తెలియకుండానే మింగుతాడు. శ్లేష్మం పెరిగినా, చిక్కబడినా, గొంతు సున్నితమైనా అది అడ్డుగా తోస్తుంది.

ఇందుకు కారణాలు ప్రధానంగా మూడు చోట్ల ఉంటాయి. మొదటిది ముక్కు: అలర్జీ, సైనస్ వాపు వల్ల స్రావం వెనుకనుంచి గొంతులోకి జారుతుంది. రెండవది జీర్ణకోశం: ఆమ్లం పైకి ఎగదన్ని గొంతును రేపుతుంది, ఛాతీమంట లేకుండానూ ఇది జరగవచ్చు. మూడవది ఊపిరితిత్తులు: దగ్గుతో వెలువడే తెమడ అక్కడిది. బీడీపొగ, పొయ్యిపొగ శైలికల పనిని మందగింపజేస్తాయి. పత్తిధూళి వల్ల కలిగే బిస్సినోసిస్‌లో, సెలవు తరువాతి తొలి పనిదినాన ఛాతీ బిగుసుకోవడం విశిష్ట లక్షణం.

3. ఉపశమన మార్గాలు

తగినంత నీరు తాగడం, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం మేలు. ముక్కును ఉప్పునీటితో కడుగుకొనేవారు కాచి చల్లార్చిన నీటినే వాడాలి. పదేపదే గొంతు సవరించుకోవడం వల్ల లోపొర మరింత రేగి, కఫం ఉన్నట్లే తోస్తుంది. దానికి బదులు ఒక గుక్క నీరు మింగడం మంచిది. ఆమ్లబాధ ఉన్నవారు నిద్రకు మూడు గంటల ముందే భోజనం ముగించాలి. పాలు కఫాన్ని పెంచుతాయన్న నమ్మకాన్ని పరిశోధనలు సమర్థించలేదు. లాలాజలంతో కలిసిన పాలు చిక్కగా అనిపించడమే ఈ భావనకు కారణం. పొగాకు మానడం, దుమ్ములో పనిచేసేటప్పుడు ముక్కు, నోరు కప్పుకోవడం, వంటింట్లో గాలి ఆడేలా చూడడం మూలానికే చికిత్స.

4. ఉపేక్షించరాని సూచనలు

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనిపిస్తే క్షయ పరీక్ష అవసరం. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం. మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, మెడలో గడ్డ ఉంటే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి. పొగాకు వాడేవారికి ఇది మరీ ముఖ్యం.

5. ముగింపు

వలస కూలీకి ఒకే చోట చికిత్స పూర్తిచేయడం కష్టం. దగ్గు మిరపఘాటువల్లనే అనుకొని పరీక్షను వాయిదా వేస్తే క్షయ ముదరడమే కాక, ఒకే గుడిసెలో నిద్రించే పిల్లలకూ సోకవచ్చు. చికిత్స నడుమ ఊరు విడవవలసివస్తే ఆరోగ్య సిబ్బందికి ముందుగా తెలిపి, వెళ్లే చోటి కేంద్రానికి దానిని బదిలీ చేయించుకోవచ్చు. కనుక కోసిగి వంటి ప్రాంతాలలో కఫాన్ని గురించిన అవగాహన ఇంటి చిట్కాలతో ఆగక, పనిచేసే చోటినీ, వలసనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.