సినిమా హాల్లో చూడాలా, ఇంట్లోనే చూడాలా? తెనాలి, బాపట్ల, రేపల్లె కుటుంబాల లెక్క

పెద్ద హీరో సినిమా వస్తోందంటే చాలా ఇళ్లల్లో ఒకటే తంతు. కుర్రాళ్లు మొదటి రోజే చూడాలని టికెట్ల కోసం పరుగులు పెడతారు. అమ్మీ, నానీ, ఆడపిల్లలు మాత్రం “నెల ఆగితే ఫోన్‌లోకే వస్తుంది కదా” అని సర్దుకుంటారు. హాలు ఖర్చెక్కువ, ఇల్లు చవక అనే మాట అందరి నోటా వినిపిస్తోంది. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ మాట సగమే నిజం. ఎక్కడ చూస్తున్నామన్న దానికంటే, ఎప్పుడు చూస్తున్నామన్న దాని మీదే ఖర్చు ఎక్కువగా ఆధారపడి ఉంది.

టికెట్ అసలు ధర ఎంత?

ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ ధరలను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35లో రేట్లు మరీ తగ్గించారని హాళ్ల యజమానులు గగ్గోలు పెట్టారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. చివరకు 2022 మార్చి 7న జీవో 13 వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ మున్సిపాలిటీలే కాబట్టి మూడింటికీ ఒకటే వరుస. ఏసీ లేని హాల్లో రూ.30, రూ.50. ఏసీ హాల్లో రూ.60, రూ.80. మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు రూ.125, వెనక్కి వాలే రిక్లైనర్ సీటు రూ.250. వీటిపై జీఎస్టీ అదనం.

ఆ జీఎస్టీ కూడా ఇటీవల తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.100 లోపు టికెట్‌పై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. రూ.100 దాటితే మాత్రం 18 శాతమే.

ఇప్పుడు అయిదుగురున్న కుటుంబం లెక్క చూద్దాం. ఏసీ హాల్లో రూ.80 టికెట్ పన్నుతో కలిపి రూ.84. అయిదుగురికి రూ.420. కింది తరగతిలో కూర్చుంటే రూ.315తో సరిపోతుంది. అదే మల్టీప్లెక్స్‌లో అయితే ఒక్కొక్కరికి రూ.147.50 చొప్పున దాదాపు రూ.738 అవుతుంది. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఆ రుసుము వేరే.

మొదటి వారం కథే వేరు

ఈ ధరలు మామూలు రోజులకే. పెద్ద సినిమాలకు ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇచ్చి కొన్నాళ్లు రేట్లు పెంచనిస్తుంది. 2025 సెప్టెంబరు 25న విడుదలైన ‘ఓజీ’నే తీసుకోండి. బెనిఫిట్ షో టికెట్ రూ.1000. అక్టోబరు 4 వరకు మామూలు హాళ్లలో రూ.125, మల్టీప్లెక్సుల్లో రూ.150 అదనంగా వసూలు చేసుకోవడానికి అనుమతి ఇచ్చారు. అంటే రూ.80 సీటు కాస్తా రూ.200 దాటింది. అదే సినిమా అక్టోబరు 23న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది.

తేదీలు ఒకసారి గమనించండి. అక్టోబరు 5 నుంచి 22 వరకు మధ్యలో 18 రోజులున్నాయి. ఆ రోజుల్లో పెంపు లేదు, సినిమా ఇంకా ఇళ్లకు రాలేదు. ఒక కుర్రాడు బెనిఫిట్ షోకి పెట్టిన రూ.1000తో, పెంపు అయిపోయాక ఏదైనా సినిమాకు అయిదుగురి కుటుంబం రెండుసార్లు వెళ్లి రావచ్చు. అప్పటికీ రూ.160 మిగులుతుంది.

తొలి రాత్రి రద్దీకి ఇంకో వెల కూడా ఉంది. 2024 డిసెంబరు 4న హైదరాబాద్ సంధ్య థియేటర్‌లో ‘పుష్ప 2’ ప్రీమియర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. పిల్లలను తీసుకుని తొలి రోజు గుంపులోకి వెళ్లే ముందు ఇది గుర్తుండాలి.

ఇంట్లో చూస్తే ఉచితమేనా?

ఇక ఇంటి లెక్క. 2025 ధరల ప్రకారం నెట్‌ఫ్లిక్స్ ఫోన్ ప్లాన్ నెలకు రూ.149, టీవీలో కూడా చూడాలంటే రూ.199. అమెజాన్ ప్రైమ్ ఏడాదికి రూ.1499. అయినా 2025 జూన్ నుంచి అందులో ప్రకటనలు వస్తున్నాయి, అవి వద్దనుకుంటే మళ్లీ డబ్బు కట్టాలి. జియోహాట్‌స్టార్‌లో రెండు తెరల ప్లాన్ ఏడాదికి రూ.899. ఈ మూడూ కలిపితే సంవత్సరానికి రూ.4786, అంటే నెలకు దాదాపు రూ.400. ఇంటర్నెట్ బిల్లు దీనికి అదనం.

సరిగ్గా చూస్తే, మూడు యాప్‌లకు కట్టే డబ్బూ, నెలకోసారి కుటుంబమంతా ఏసీ హాలుకు వెళ్లే డబ్బూ ఇంచుమించు ఒకటే. నెలలో అయిదారు సినిమాలు చూసే ఇంటికి యాప్‌లే లాభం. నెలకొకటి కూడా చూడకుండా డబ్బు మాత్రం కట్ అవుతూ ఉంటే అది దండగే. కావలసిన సినిమా వచ్చిన నెలలో ఒక్క యాప్‌కే కట్టి, చూశాక ఆపేయడం మేలు.

కొన్ని సినిమాలకు ఆ ఖర్చు కూడా ఉండదు. 2025 జనవరి 14న విడుదలైన ‘సంక్రాంతికి వస్తున్నాం’ మార్చి 1న ఓటీటీతో పాటు జీ తెలుగు చానల్‌లోనూ వచ్చింది. అంతకు ముందు 2023 జూన్‌లో ఏపీ ఫైబర్‌నెట్ విడుదల రోజే రూ.99కి 24 గంటల పాటు కొత్త సినిమా ఇంట్లో చూసే ఏర్పాటు మొదలుపెట్టింది. ఎంతమంది కూర్చుని చూసినా అదే రూ.99.

ఇంటి సౌకర్యం, హాలు సరదా

ఇంట్లో చూడటంలో డబ్బుతో కొలవలేని సౌకర్యాలున్నాయి. మగ్రిబ్ అజాన్ వినపడితే సినిమా ఆపి, నమాజ్ చేసుకుని మళ్లీ చూడొచ్చు. ఫస్ట్ షోలో ఆ వీలు ఉండదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే నానీ, దాదీలకు తెలుగు డైలాగులు కొన్ని అందవు. ఓటీటీలో చాలా సినిమాలకు హిందీ ఆడియో పెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మెట్లెక్కే బాధ కూడా లేదు.

జాగ్రత్త పడాల్సిన విషయం కూడా ఇక్కడే ఉంది. ‘ఓజీ’కి ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చింది. అంటే 18 ఏళ్ల లోపు పిల్లలకు హాల్లో ప్రవేశం లేదు. నాలుగు వారాల తర్వాత అదే సినిమా ఇంట్లో టీవీలోకి వచ్చింది, అక్కడ ఆపేవాళ్లెవరు? 2021 ఐటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు, ఆపై వయసు గుర్తు వేసిన వాటికి ఓటీటీ సంస్థలు తాళం సౌకర్యం ఇవ్వాలి. ఆ పిన్ నంబరు పెట్టడం మాత్రం తల్లిదండ్రుల పనే.

హాలుకెళ్తే టికెట్ కన్నా తినుబండారాలకే ఎక్కువైపోతుందని చాలామంది వెనకాడతారు. బయటి తిండి తేవద్దనే హక్కు హాలు యజమానికి ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అయితే శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, చంటిపిల్లల ఆహారాన్ని అడ్డుకోకూడదని కూడా అదే తీర్పులో ఉంది. ఇంటి దగ్గర తినేసి బయల్దేరి, లోపల నీళ్లు అడిగి తాగితే లెక్క టికెట్ల దగ్గరే ఆగుతుంది.

రేపల్లె నుంచి తెనాలికి, బాపట్ల నుంచి గుంటూరుకు మల్టీప్లెక్స్ కోసం వెళ్తే రైలు, ఆటో ఖర్చులూ కలుస్తాయి. తిరుగు రైలు సమయం కూడా చూసుకోవాలి. ఉన్న ఊళ్లో ఏసీ హాలుంటే ఆ బాధ లేదు. ఇక ఆడవాళ్ల సంగతి. ఇంట్లో సినిమా నడుస్తున్నా చాయ్ పెట్టేది, మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లేది వాళ్లే. హాల్లో ఆ రెండున్నర గంటలూ వాళ్లకు కూడా సెలవే. బాపట్లవాళ్లకు సూర్యలంక తీరం ఉంది. అలాంటిది లేని ఊళ్లో కుటుంబమంతా కలిసి బయటికెళ్లడానికి సినిమా హాలు కాకుండా ఇంకేముంది?

హాళ్లకు కూడా కుటుంబాలే కావాలి

హీరో కృష్ణ పుట్టిన బుర్రిపాలెం, గుమ్మడి ఊరు రావికంపాడు, జగ్గయ్య ఊరు మోరంపూడి అన్నీ తెనాలి చుట్టుపక్కలే. అలాంటి చోట కూడా ఇప్పుడు హాళ్లకు గడ్డుకాలమే. అద్దె పద్ధతి బదులు వసూళ్లలో వాటా ఇవ్వకపోతే 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గారు. తొలి వారం అభిమానులతో నిండిన హాలు మూడో వారానికి ఖాళీ అవుతోంది. ఆ ఖాళీ సీట్లే కుటుంబాలకు అందుబాటు ధరలో దొరికేవి.

కాబట్టి మొదటి పది రోజులు ఆగండి. సినిమా బాగుందో లేదో, సర్టిఫికెట్ ఏమిటో ఈలోగా తెలుస్తుంది. పెద్ద తెర మీదే చూడదగ్గదైతే పెంపు ముగిశాక అందరూ కలిసి హాలుకు వెళ్లండి. కాకపోతే ఇంట్లో చూడండి. అబ్బాయి ఒక్కడే మొదటి రోజు రూ.1000 అడిగితే, అదే డబ్బుతో అమ్మీ, నానీ, చెల్లెళ్లు కూడా వెళ్లొచ్చని ఈ లెక్క వాడి ముందు పెట్టండి.