భీమవరంలో మార్కెట్ ఉందా? జవాబు చెరువు గట్టు మీదే!

విదేశీ కంపెనీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి: 'రొయ్యల చెరువుల నీటిని సెన్సర్లతో గమనించి సలహాలిచ్చే సర్వీసును భీమవరంలో మొదలుపెట్టొచ్చా?'

రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే మొదటి స్థానం. చాలామంది ఇంతవరకు చెప్పి ఆగిపోతారు. ఎకరాలెన్నున్నా, డబ్బు కట్టే రైతులెందరన్నదే అసలు మార్కెట్. ఈ నాలుగూ చూడండి.

అవసరం: 1990లలో టైగర్ రొయ్యను తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు పుంజుకుంది కానీ, వ్యాధుల భయం పోలేదు.

పోటీ: మేత కంపెనీల టెక్నీషియన్లు గట్టు మీదకే వచ్చి సలహాలిస్తారు. ఉచితంగా దొరికేదానికి ఫీజు ఎందుకు కట్టాలో రైతుకు చెప్పగలగాలి.

చెల్లింపు: మేత అరువు తెచ్చుకునే రైతు చేతికి డబ్బొచ్చేది పట్టుబడి తర్వాతే. నెలనెలా చందా అంటే కుదరదు.

రిస్క్: మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ భారత సరుకులపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది. రేటు పడితే రైతు ముందు మానేసేది ఇలాంటి కొత్త ఖర్చునే.

అందుకే 'ఉంది', 'లేదు' అని తేల్చేయకండి. 'ముందు ఇరవై చెరువుల్లో ఒక పంట చూద్దాం, ఫీజు పట్టుబడయ్యాక తీసుకుందాం. రెండో పంటకు ఎందరు కొనసాగుతారో చూసి నిర్ణయిద్దాం' అనండి.

ఈ ఆదివారం మీ ఊళ్లో ఐదుగురు రైతులతో మాట్లాడండి. మార్కెట్ రీసెర్చ్ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ నోట్సు వెంట ఉండాలి. విదేశీ కంపెనీకి దొరకనిది, మీకు ఇంటి పక్కనే ఉన్నది అదే!